మా నాయన ఆదివారం మీటింగు

పొద్దున ఏడున్నర. శ్రీసిటీలో షిఫ్టు మారే టైమ్. తడ వైపు నుంచి, సత్యవేడు వైపు నుంచి, వరదయ్యపాళెం వైపు నుంచి కంపెనీ బస్సులు వరసగా వస్తుంటాయి. దిగగానే ఎదురయ్యేది గేటు దగ్గర సెక్యూరిటీ. కార్డు చూపిస్తాం, లోపలికి పోతాం. ఆ మనిషి మొహం చూసేవాళ్లు ఎంతమంది?

ఈసారి ఒక్కసారి ఆగి చూడండి. కొందరు నిలబడే తీరే వేరుగా ఉంటుంది. భుజాలు వెనక్కి, గడ్డం పైకి, బూట్లు అద్దంలా. ఎండలో గంట నిలబడినా చొక్కా మడత చెదరదు. అలాంటి మనిషి కనిపిస్తే "ఏ యూనిట్ సార్?" అని అడగండి. మొహంలో వచ్చే వెలుగు చూస్తారు.

మా నాయన అలాంటి ఒక గేటు దగ్గర పదమూడేళ్లు నిలబడ్డాడు. అంతకు ముందు ఇరవై రెండేళ్లు ఆర్మీలో. ఇంజనీరింగ్‌లో ఉన్నప్పుడు ఫ్రెండ్స్‌తో "మా నాయన ఆర్మీ" అని గొప్పగా చెప్పేవాణ్ణి. "ఇప్పుడేం చేస్తాడు?" అని ఎవరైనా అడిగితే మాట మార్చేవాణ్ణి. రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ నిజం అదే.

ఇంకో నిజం కూడా చెప్పాలి. నెలకోసారి ఆదివారం పొద్దున ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని మండల కేంద్రంలో మాజీ సైనికుల సంఘం మీటింగుకు పోయేవాడు. నాకు అది ఒట్టి టైమ్ వేస్టులా కనిపించేది. "ఏం చేస్తారు నాయనా ఆడ? టీ తాగి పాత కథలు చెప్పుకోడమే గదా" అనేవాణ్ణి. ఆయన నవ్వేవాడు. "నీకు తెలీదులేరా" అనేవాడు. అంతే.

నాకు తెలిసేసరికి ఆయన లేడు.

నల్ల ట్రంకు పెట్టె

2022లో ఒక రాత్రి గుండెపోటు. యాభై నాలుగేళ్లు. తెల్లారేసరికి ఇంటి ముందు షామియానా వేశారు. బంధువులు ఇంకా దారిలో ఉండగానే ఆరుగురు పెద్దవాళ్లు రెండు బైకులు, ఒక ఆటోలో దిగారు. కోటు మీద మెడల్స్, తలమీద టోపీ. పూలచక్రం పెట్టి, వరసగా నిలబడి సెల్యూట్ చేశారు. ఒకాయనకు చెయ్యి వణుకుతోంది, అయినా దించలేదు.

మూడో రోజు వాళ్లలో ఇద్దరు మళ్లీ వచ్చారు. ఒకాయన రిటైర్డ్ సుబేదార్, సంఘం కార్యదర్శి. నన్ను పక్కకు పిలిచి అడిగిన మొదటి మాట: "మీ నాయన డిశ్చార్జి బుక్కు యాడుండాది నాయనా?"

నాకు తెలీదు. ఫోన్ పాస్‌వర్డులన్నీ గుర్తుండే నాకు, మా నాయన సర్వీసు నంబరు కూడా తెలీదు.

ఆర్మీ ఇళ్లలో ఒక నల్ల ట్రంకు పెట్టె ఉంటుంది, చూసే ఉంటారు. మూత మీద తెల్ల పెయింటుతో నంబరు, ర్యాంకు, పేరు. మా ఇంట్లో దాని మీద పాత పరుపులు పెట్టేశాం. ఆ పరుపులు దించి మూత తీస్తే అన్నీ అందులోనే ఉన్నాయి. డిశ్చార్జి బుక్కు, పీపీఓ (పెన్షన్ ఎంత, ఎవరికి అని ఉండే కాగితం), మెడల్స్, నా పదో తరగతి మార్కుల షీటు జిరాక్సు.

సుబేదార్ సార్ కళ్లజోడు పెట్టుకుని పీపీఓ చదివాడు. మధ్యలో ఆగాడు. "అమ్మ పేరేంది?"

"మునిలక్ష్మి."

"దీంట్లో మునెమ్మ అనుండాదే."

1995లో పెళ్లయ్యాక మా నాయన యూనిట్‌లో ఫారం నింపేటప్పుడు ఇంట్లో పిలిచే పేరే రాయించాడు. మునెమ్మ. ఆధార్, బ్యాంకు, పాన్ అన్నింట్లో మునిలక్ష్మి. పుట్టిన తేదీ కూడా రెండు చోట్ల రెండు రకాలు. ఆయన బతికున్నంత కాలం పెన్షన్ ఆయన ఖాతాలో పడేది కాబట్టి ఈ తేడా ఎవరికీ అడ్డం రాలేదు. ఆయన పోగానే ఆయన పెన్షన్ ఆగింది. అమ్మకు ఫ్యామిలీ పెన్షన్ మొదలవ్వాలంటే మునెమ్మ, మునిలక్ష్మి ఒక్కరే అని రుజువు కావాలి. తప్పు ఏ ఆఫీసుదీ కాదు. మా నాయనది, ఆయన్ని ఎప్పుడూ అడగని నాది.

ఫ్యామిలీ పెన్షన్ అంటే చిన్న విషయం కాదు. రిటైరైన జవాను చనిపోతే ఏడేళ్ల పాటు (లేదా ఆయనకు 67 ఏళ్లు నిండే వరకు, ఏది ముందైతే అది) ఎక్కువ రేటులో, అంటే ఆఖరి జీతం లెక్కలో దాదాపు సగం వస్తుంది. ఆ తర్వాత 30 శాతం. మా అమ్మకు సొంత సంపాదన లేదు. ఇంటి లోను నా జీతం మీద నడుస్తోంది. చెల్లి డిగ్రీ రెండో సంవత్సరం. ఐదు నెలలు ఒక్క రూపాయి రాలేదు. రెండో నెలలోనే అమ్మ గాజులు కుదువ పెట్టిందని నాకు తర్వాత తెలిసింది.

ఆ ఐదు నెలల్లో సుబేదార్ సార్ నాతో ఎన్నిసార్లు తిరిగాడో లెక్కలేదు. తహశీల్దారు ఆఫీసు, నోటరీ, బ్యాంకు. ఇద్దరూ ఒక్కరే అని సర్టిఫికెట్, అఫిడవిట్, ఊళ్లో సాక్షులు. ఆ కాగితాలన్నీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా బెంగళూరులో మా నాయన పనిచేసిన మద్రాస్ ఇంజనీర్ గ్రూపు రికార్డులకు. ఏ కాగితం మీద ఏ సంతకం ముందు పడాలో ఆయనకు నోటికొచ్చు. పెట్రోలు డబ్బులిస్తే తీసుకోలేదు. "మీ నాయన నా మాదిరే ఇంకో నలుగురికి తిరిగినాడు. ఇప్పుడు ఆయన వంతు" అన్నాడు.

టీ తాగి పాత కథలు చెప్పుకునే మీటింగు! నా మాట నాకే గుచ్చుకుంది.

అసలు ఈ సంఘాలు ఎక్కణ్ణుంచి వచ్చాయి?

పని జరిగాక నేనూ ఆదివారాలు పోవడం మొదలుపెట్టాను. మొదట మొహమాటానికి, తర్వాత ఆసక్తితో. అక్కడ విన్న కథలు పట్టుకుని చదవడం మొదలుపెడితే చాలా వెనక్కి పోవాల్సి వచ్చింది.

మీకో సంగతి తెలుసా? పద్దెనిమిదో శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ మద్రాసు వైపు చేర్చుకున్న సిపాయిల్లో మన తెలుగువాళ్లు చాలామంది. వాళ్లను బెంగాల్ తీసుకెళ్తే అక్కడి జనం 'తిలంగా' అన్నారు. తర్వాత తర్వాత ఉత్తరాదిలో ఏ ఊరి సిపాయి అయినా తిలంగానే! ఒక జాతి పేరు ఒక ఉద్యోగానికి పేరైపోయింది. మద్రాస్ రెజిమెంటు తన మొదటి పటాలం పుట్టుకను 1758 నుంచి లెక్కేసుకుంటుంది. మా నాయన పనిచేసిన మద్రాస్ శాపర్లు 1780 నుంచి. వంతెనలు కట్టడం, మందుపాతరలు తీయడం వీళ్ల పని. మా నాయన ఎప్పుడూ "నేనూ ఇంజనీరేరా, డిగ్రీ లేదంతే" అని జోకేసేవాడు.

సిపాయి ఉన్నంత కాలం బాగానే ఉంటుంది. తిరిగొచ్చాక? ఆ ప్రశ్న గట్టిగా ఎదురైంది మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత. మన దేశం నుంచి ఆ యుద్ధానికి సుమారు 13 లక్షల మంది వెళ్లారు. బతికొచ్చిన వాళ్లు ఊళ్లకు చేరారు. పెన్షన్లు, గాయాలు, అప్పులు, చనిపోయిన వాళ్ల కుటుంబాలు. వీటిని చూసుకోవడానికి 1919లో ఇండియన్ సోల్జర్స్ బోర్డు వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ సంఖ్య 25 లక్షలకు చేరింది. ఆ పాత బోర్డే పేర్లు మారుతూ 1975లో కేంద్రీయ సైనిక్ బోర్డు అయ్యింది. రక్షణ మంత్రి దానికి అధ్యక్షుడు. కింద రాష్ట్రంలో ఒక బోర్డు, జిల్లాలో ఒక బోర్డు. జిల్లా బోర్డుకు కలెక్టర్ అధ్యక్షుడు.

ఇదంతా ప్రభుత్వం వైపు. సైనికులే కలిసి పెట్టుకున్న సంఘాల కథ వేరే. అమెరికాలో 1919లో అమెరికన్ లీజియన్, బ్రిటన్‌లో 1921లో బ్రిటిష్ లీజియన్ వచ్చాయి. రెండో యుద్ధం నుంచి తిరిగొచ్చిన అమెరికా సైనికులకు కాలేజీ చదువులు, ఇంటి అప్పులు ఇప్పించిన 1944 చట్టానికి మొదటి చిత్తుప్రతి తయారైంది అమెరికన్ లీజియన్‌లోనే. మాజీ సైనికులు ఒక గదిలో కూర్చుంటే ఏం జరుగుతుందో చెప్పడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ లేదు.

మన దగ్గర ఆ పని భుజాన వేసుకున్నది ఫీల్డ్ మార్షల్ కరియప్ప. స్వతంత్ర భారత సైన్యానికి మొదటి భారతీయ అధిపతి. రిటైరయ్యాక కూడా మాజీ జవాన్ల బాగోగుల కోసం తిరుగుతూనే ఉన్నాడు. 1964లో ఇండియన్ ఎక్స్-సర్వీసెస్ లీగ్ పెట్టాడు. ఆయన ఉద్యోగం నుంచి దిగిన రోజు 1953 జనవరి 14. అందుకే 2016 నుంచి ఆ తేదీని మాజీ సైనికుల దినోత్సవంగా జరుపుతున్నారు.

మన ఊళ్లలో జనవరి 14 అంటే ఏంటో మీకు చెప్పక్కర్లేదు. భోగో, సంక్రాంతో. అల్లుళ్లు వచ్చుంటారు, మనవళ్లు వచ్చుంటారు. కాబట్టి మా సంఘం ఆ వేడుకను కనుమ దాటాకే పెట్టుకుంటుంది. "యుద్ధమైనా ఆపచ్చు గానీ సంక్రాంతి ఆపలేం" అని మా సుబేదార్ సార్ డైలాగు.

నలభై ఏళ్లకే 'మాజీ'

చాలామందికి తెలియని విషయం ఒకటుంది. మామూలు ఉద్యోగి అరవైకి అటూ ఇటుగా రిటైరవుతాడు. జవాను చాలావరకు ముప్పై అయిదు, నలభై మధ్యలోనే బయటికొస్తాడు. సైన్యానికి కుర్రవాళ్లు కావాలి కాబట్టి. మా నాయన పద్దెనిమిదేళ్లప్పుడు 1986లో చేరి, నలభై ఏళ్లకు 2008లో నాయక్‌గా వచ్చేశాడు. అప్పటికి నేను ఆరో తరగతి. అంటే ఇంటి ఖర్చు పెరిగే వయసులో జీతం సగమై పెన్షన్ అవుతుంది.

యాదృచ్ఛికమే అనుకోండి, శ్రీసిటీ మొదలైంది కూడా ఆ 2008లోనే. ఒక్కో కంపెనీ వచ్చేకొద్దీ గేట్లు పెరిగాయి. గేటు ఉందంటే కాపలా కావాలి. మాజీ సైనికులకు ఉద్యోగాలు చూపించే పని రక్షణ శాఖలో ఒక విభాగానికే ఉంది. సెక్యూరిటీ ఏజెన్సీలకు అక్కడి నుంచే గుర్తింపు ఇస్తారు. కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సి ఉద్యోగాల్లో 10 శాతం, పాత గ్రూప్-డి ఉద్యోగాల్లో 20 శాతం మాజీ సైనికులకు కేటాయింపు ఉంది. కానీ నోటిఫికేషన్ వచ్చిందని ఊళ్లో ఉన్న మనిషికి ఎవరు చెప్పాలి? మా నాయనకు గేటు ఉద్యోగం ఉందని మొదట చెప్పింది సంఘమే.

పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరుంది. అందరూ మిలటరీ మాధవరం అంటారు. దాదాపు ఇంటికొక సైనికుడు. మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లిన వాళ్ల గుర్తుగా అక్కడ రాయి ఉంది. ఢిల్లీలోని అమర్ జవాన్ జ్యోతి తీరులో స్మారకమూ ఉంది. అక్కడ ఎవరికి ఏ కాగితం కావాలన్నా పక్కింట్లో చెప్పేవాళ్లుంటారు. ఊరే ఒక సంఘం.

మా వైపు అలా కాదు. ఈ ఊళ్లో ఒకరు, ఆ ఊళ్లో ఇద్దరు. పక్కింటాయనకు పీపీఓ అంటే ఏంటో తెలీదు. మిలిటరీ వాడంటే కాంటీన్ మందు గుర్తొస్తుంది, అంతే. "అన్నా, కోటా ఉండాదా?" అని అడిగేవాళ్లే తప్ప "అన్నా, పెన్షన్ వస్తాండాదా?" అని అడిగేవాడు ఉండడు. అందుకే మా వైపు సంఘమే వాళ్లకు ఊరు.

ఆ గదిలో ఏం జరుగుతుంది?

ఒక చిన్న అద్దె గది. ఇరవై ప్లాస్టిక్ కుర్చీలు, ఒక బీరువా, గోడ మీద నేతాజీ, కలాం. మీటింగు పదికంటే పదికే. పది దాటి రెండు నిమిషాలకు నేను లోపలికి పోతే ఇరవై తలలు గడియారం వైపు తిరిగాయి. మా ఆఫీసులో స్టాండప్ మీటింగు ఇంత టైముకు మొదలవడం నేనెప్పుడూ చూడలేదు.

మొదట ఆ నెలలో పోయినవాళ్లకు రెండు నిమిషాల మౌనం. తర్వాత పనులు. ఒకరికి ఈసీహెచ్‌ఎస్ కార్డు కావాలి. 2003 ఏప్రిల్‌లో మొదలైన ఈ పథకం మాజీ సైనికులకు, వాళ్ల మీద ఆధారపడ్డ వాళ్లకు వైద్యం చూసుకుంటుంది. ఇంకొకరికి మిలిటరీ పట్టా భూమి సమస్య. మాజీ సైనికుడికి ప్రభుత్వం ఇచ్చిన భూమిని పదేళ్ల తర్వాత అమ్ముకోవచ్చు. కానీ రిజిస్ట్రేషన్ దగ్గర ఆయన్ను కలెక్టర్ నిరభ్యంతర పత్రం అడిగారు. దానికి ఎవరి దగ్గరికి పోవాలి, ఏం పట్టుకుపోవాలి అని అరగంట చర్చ.

మరొకరి కూతురికి ఇంజనీరింగ్ సీటు వచ్చింది. ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ ఫారం నింపాలి. అమ్మాయిలకు నెలకు 3,000, అబ్బాయిలకు 2,500. ఆ ఫారం చూడగానే నాకు ఠక్కున గుర్తొచ్చింది. నేను చదివేటప్పుడు నెలకు 2,000 వచ్చేది. హాస్టల్ ఖర్చు దాంట్లోనే గడిచింది. ఆ ఫారం నింపింది ఎవరో అప్పుడు నేను పట్టించుకోలేదు. బీరువాలోంచి పాత రిజిస్టరు తీసి చూస్తే 2015 పేజీలో నా పేరు, పక్కన టిక్కు. సంఘం నా చేతికి అంతకు ముందే ఒకసారి అందింది. నాకే గుర్తు లేదు.

కోశాధికారి ఒక అక్క. భర్త సర్వీసులో ఉండగానే పోయాడు. మొదట్లో కాగితాల కోసం వచ్చి, ఓ మూల కూర్చుని, ఏం మాట్లాడకుండా వెళ్లిపోయేదట. ఇప్పుడు లెక్కలన్నీ ఆమె చేతిలో. భర్తపోయిన వాళ్లింటికి మగవాళ్లు వెళ్తే ఆ ఇంటి ఆడవాళ్లు అన్నీ చెప్పరు, ఈమె వెళ్తే చెప్తారు. మా అమ్మ గాజుల సంగతి మొదట తెలిసింది ఈమెకే.

డిసెంబర్ 7 వస్తే జెండా దినం. 1949 నుంచి ఉన్న ఆనవాయితీ. చిన్న కాగితం జెండాలు పంచి, వచ్చిన డబ్బు సైనిక కుటుంబాల నిధికి పంపుతారు. ఏడాది పొడవునా పొద్దున అయిదింటికి హైస్కూల్ గ్రౌండ్‌లో కుర్రాళ్లకు పరుగు నేర్పిస్తారు. ఆర్మీ ర్యాలీలో 1.6 కిలోమీటర్లు అయిదున్నర నిమిషాల్లో పరిగెత్తితేనే పూర్తి మార్కులు. పది పుల్లప్స్ తీయాలి, తొమ్మిదడుగుల గుంత దూకాలి. అరవై అయిదేళ్ల తాత విజిల్ వేసుకుంటూ పక్కన సైకిల్ మీద పోతుంటే ఇరవై ఏళ్ల కుర్రాళ్లు రొప్పుతూ పరిగెడుతుంటారు. అదొక సీను!

కొట్లాటలూ ఉంటాయి. ఒకే ర్యాంకు, ఒకే సర్వీసు ఉన్నా ముందు రిటైరైన వాళ్లకు తక్కువ పెన్షన్, తర్వాత రిటైరైన వాళ్లకు ఎక్కువ. ఇది అన్యాయమని దేశమంతా మాజీ సైనికులు దశాబ్దాలు అడిగారు. 2015 జూన్‌లో ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర నిరాహార దీక్షలు మొదలుపెట్టారు. సెప్టెంబర్ 5న 'ఒకే ర్యాంకు ఒకే పెన్షన్' ప్రకటన వచ్చింది, 2014 జూలై 1 నుంచి వర్తించేలా. చాలదన్న వాళ్లూ ఉన్నారు, 2022 మార్చిలో సుప్రీంకోర్టు ప్రభుత్వ విధానాన్నే సమర్థించింది. మా గదిలో ఈ టాపిక్ ఎత్తితే ఇప్పటికీ టీ చల్లారిపోతుంది.

నేను చేసిన యాప్, వాళ్ల నోటుబుక్కు

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని కదా. చెయ్యి ఊరుకోదు. రెండో నెలకే వీళ్ల రికార్డులన్నీ ఒక యాప్‌లో పెడదామని ఉత్సాహపడ్డాను. ఇప్పుడు సైనికుల పెన్షన్లన్నీ 'స్పర్శ్' అనే ఆన్‌లైన్ వ్యవస్థలోకి వచ్చేశాయి. బతికున్నామని ఏడాదికోసారి ఇచ్చే సర్టిఫికెట్ కూడా ఫోన్ కెమెరాలో మొహం చూపించి ఇచ్చేయొచ్చు. ఇంకా నోటుబుక్కు ఏంటి?

సుబేదార్ సార్ అంతా విని, "బాగుండాది నాయనా. కానీ ఒకటి చెప్పు. ఈ పెద్దాయనకు ఓటీపీ ఏ ఫోనుకు వస్తాది?" అని అడిగాడు. ఆ పెద్దాయన వయసు ఎనభై మూడు. ఫోన్ నంబరు మనవడిది. మనవడు చెన్నైలో. ఓటీపీ వచ్చేసరికి మనవడు మీటింగులో ఉంటాడు. కెమెరాలో మొహం చూపిద్దామంటే కన్ను ఆపరేషన్ అయింది, రెప్ప ఆర్పమంటే ఆర్పలేడు. నేను ఆఫీసులో రాసే ఏ టెస్ట్ కేసులోనూ ఈ మనిషి లేడు.

ఇంకో ప్రమాదం కూడా చూశాను. "మీ లైఫ్ సర్టిఫికెట్ గడువు అయిపోయింది, పెన్షన్ ఆగిపోతుంది, ఓటీపీ చెప్పండి" అని మోసగాళ్లు ఫోన్లు చేస్తారు. శత్రువు బుల్లెట్‌కు భయపడని మనిషి పెన్షన్ ఆగుతుందంటే భయపడతాడు. ఇప్పుడు ప్రతి మీటింగులో చివరి అయిదు నిమిషాలు నావి. "ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు, సంఘానికి కూడా చెప్పొద్దు, నాకు కూడా చెప్పొద్దు" అని అందరి చేతా అనిపిస్తాను, పరేడ్‌లో మాదిరి.

చివరికి మధ్యేమార్గం కుదిరింది. నేనొక స్ప్రెడ్‌షీట్ చేశాను. నోటుబుక్కు కూడా ఉంటుంది, "కరెంటు పోయినా తెరుచుకుంటాది" కాబట్టి. ఆ నోటుబుక్కులో ఇప్పుడు కొత్తగా రెండు గళ్లు గీశారు. ఒకటి 'పీపీఓలో భార్య పేరు', రెండోది 'ఆధార్‌లో భార్య పేరు'. మా అమ్మ కేసు తర్వాత గీసినవి. రెండు గళ్లూ నింపుతూ పోతే మా ఒక్క సంఘంలోనే ఇంకో తొమ్మిది ఇళ్లలో తేడా బయటపడింది. తొమ్మిది మందీ బతికే ఉన్నారు. బతికుండగా సరిచేసుకోవడం వేరు, పోయాక భార్య ఒక్కతే తిరగడం వేరు.

ఇప్పుడు ఒక కొత్త ప్రశ్న

ఈ మధ్య మీటింగులో పెద్ద వాదన జరిగింది. అగ్నివీరుల గురించి.

2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్‌లో కుర్రాళ్లు నాలుగేళ్లకు చేరతారు. వాళ్లలో 25 శాతం వరకు రెగ్యులర్ సర్వీసులోకి తీసుకుంటారు. మిగతావాళ్లు సుమారు 11.71 లక్షల సేవా నిధితో బయటికొస్తారు. ఇప్పుడున్న నిబంధనల ప్రకారం వాళ్లకు పెన్షన్ లేదు, ఈసీహెచ్‌ఎస్ లేదు, 'మాజీ సైనికుడు' అనే హోదా కూడా లేదు. మరి వాళ్లు వచ్చి మా గది తలుపు తడితే?

"రూలు ప్రకారం వాళ్లు మాజీ సైనికులు కారు. సభ్యత్వం ఎట్ల ఇస్తాం? రేపు ఎవురన్నా అడిగితే ఏం చెప్తాం?" అని ఒకాయన. ఆయన మాటలోనూ న్యాయం ఉంది. సంఘం బైలా అలాగే ఉంది.

"గ్రౌండ్‌లో పరిగెత్తించి పంపింది మనమే గదా సార్. పోయేటప్పుడు మన బిడ్డ, వచ్చేటప్పుడు కాదా?" అని కోశాధికారి అక్క.

గది నిశ్శబ్దమైంది. మా పక్కూరి కుర్రాడు ఒకడు మొదటి బ్యాచ్‌లోనే చేరాడు. వాడికి పుల్లప్స్ నేర్పినాయన ఆ గదిలోనే కూర్చుని ఉన్నాడు, తల దించుకుని. రెండు గంటలు వాదించుకున్నాక ఒక తీర్మానం రాశారు. పూర్తి సభ్యత్వం బైలా మారితేనే. అందాకా ఆదివారం మీటింగుకు రావచ్చు, ఉద్యోగాల సమాచారం అందరితో పాటే చెప్తారు, కాగితాల పని అందరికీ చేసినట్టే చేస్తారు. ఓటు ఉండదు. కుర్చీ ఉంటుంది.

ఇది సరిపోతుందా? నాకైతే సరిపోదనిపిస్తోంది. కానీ ఆ ప్రశ్న ముందుగా అడిగి, రెండు గంటలు కూర్చుని, ఒక కుర్చీ అయినా ఖాయం చేసినవాళ్లు వీళ్లే అని కూడా అనిపిస్తోంది.

ఈ ఆదివారం మీరు చేయాల్సింది

మీ ఇంట్లోనో, మీ బంధువుల్లోనో మాజీ సైనికుడు ఉంటే, ఈ వ్యాసం షేర్ చేసే ముందు ఒక పని చేయండి.

పీపీఓ, డిశ్చార్జి బుక్కు ఎక్కడున్నాయో ఆయన్నే అడగండి. ఫొటో తీసి భద్రంగా దాచండి.

పీపీఓలో భార్య పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోయాయో లేదో అక్షరం అక్షరం చూడండి. తేడా ఉంటే ఇప్పుడే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి.

పెన్షన్ ఖాతాకు ఉన్న ఫోన్ నంబరు ఎవరిదో, అది ఇంకా పనిచేస్తోందో లేదో చూడండి.

మీ మండలంలో, జిల్లాలో సంఘం ఉందేమో కనుక్కోండి. కార్యదర్శి నంబరు మీ ఫోన్‌లో సేవ్ చేసుకోండి. నాకు మా నాయన పోయిన మూడో రోజు వరకు ఆ నంబరు తెలీదు.

మీకు కంప్యూటర్ వస్తే నెలకో ఆదివారం వాళ్లకివ్వండి. మా సంఘంలో సగటు వయసు అరవై దాటింది. ఈ పని తెలిసినవాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు, ఆ మౌనం పాటించే రెండు నిమిషాలు ప్రతి నెలా ఎవరో ఒకరి కోసం ఉంటున్నాయి.

అమ్మకు పెన్షన్ ఆరో నెలలో వచ్చింది, బకాయిలతో సహా. మెసేజ్ చూడగానే అమ్మ మొదట గాజులు విడిపించలేదు. సంఘానికి అయిదు వందలు చందా కట్టిరమ్మంది. రసీదు కోశాధికారి అక్క రాసింది. 'పేరు' దగ్గర ఆగి నా వైపు చూసి అడిగింది: "మునెమ్మా, మునిలక్ష్మా?"

"మునిలక్ష్మి. ఆధార్ ప్రకారం" అన్నాను. గదిలో అందరూ నవ్వారు.

ఇప్పుడు కంపెనీ గేటు దగ్గర కార్డు చూపించి అలాగే పోను. అక్కడుండే హవల్దార్ సార్ పీపీఓ నేను చూశాను. ఆయన భార్య పుట్టిన తేదీలో తప్పుంది. కాగితాలు పంపాం, ఇంకా రావాల్సి ఉంది. రోజూ పొద్దున ఏడున్నరకు ఆయన అడిగేది ఒకటే: "ఏమన్నా తెలిసిందా సార్?" నేను చెప్పేదీ ఒకటే: "ఆదివారం చూద్దాం సార్."